పరిశోధన పేపరు నుంచి థెరపీ గది దాకా: ఒక రిహాబ్ బృందంలో ఎవరి పని ఏమిటి

రిహాబిలిటేషన్ రంగంలో తరచూ వినబడే లెక్క ఒకటుంది. పరిశోధనలో తేలినదానిలో 14 శాతమే రోగికి పనికొచ్చే వైద్యంగా మారుతుందని, దానికీ 17 ఏళ్ళు పడుతుందని. 2000లో బాలస్, బోరెన్ అనే ఇద్దరు వేసిన అంచనా ఇది. వేరువేరు అధ్యయనాల అంకెలను ఒకదానికొకటి అతికించి కట్టిన లెక్క కాబట్టి 17 అనే అంకెను మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. ఆలస్యం మాత్రం నిజం. ఫిజియోథెరపీ గదుల్లో అది ఇంకా బాగా కనబడుతుంది. ఒక మందు పనిచేస్తుందని తేలితే అమ్మడానికి కంపెనీ ఉంటుంది. పిల్లాడి కదలికను సరిగ్గా కొలిచే పద్ధతి దొరికితే దాన్ని ఊరూరా తిప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

కెనడాలో అదే 2000లో ఏర్పడిన ఆరోగ్య పరిశోధన సంస్థ సీఐహెచ్ఆర్ ఈ తిప్పే పనిని కూడా తన బాధ్యతల్లో చేర్చుకుంది. కొత్త జ్ఞానాన్ని సృష్టించడంతో పాటు దాన్ని జనం ఆరోగ్యంగా మార్చాలని ఆ సంస్థ చట్టమే చెబుతుంది. దీనికి అక్కడ స్థిరపడిన పేరు నాలెడ్జ్ ట్రాన్స్‌లేషన్. ఈ పనిని ఎవరు చేస్తారో చూడాలంటే ఒంటారియో రాష్ట్రం హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి చెందిన క్యాన్‌చైల్డ్ మంచి ఉదాహరణ. 1989లో పిల్లల వైద్యుడు పీటర్ రోజెన్‌బామ్, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోగలిగేలా తర్ఫీదు ఇచ్చే నిపుణురాలు) మేరీ లా కలిసి దీన్ని మొదలుపెట్టారు. సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలిక కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలతో పనిచేసే తెలుగు ఫిజియోథెరపిస్టులు కూడా ఈ బృందం తయారుచేసిన కొలతలను చదువుకునే ఉంటారు.

ఇలాంటి బృందం అనగానే ప్రొఫెసర్ల పేర్లే గుర్తొస్తాయి. పేపరు మీద ఉండేవీ అవే. కానీ ఒక కొలత థెరపీ గది దాకా వెళ్తుందా లేదా అన్నది చాలావరకు పేపరు మీద పేరు కనబడని ముగ్గురి చేతుల్లో ఉంటుంది: కోఆర్డినేటరు, నాలెడ్జ్ బ్రోకరు, బృందంలో కూర్చునే తల్లి లేదా తండ్రి.

ముందుగా అసలు తయారైనదేమిటో చూడాలి. 1989లో డయాన్ రసెల్, ఆమె సహచరులు జీఎంఎఫ్ఎంను, అంటే పిల్లల స్థూల కదలికలను కొలిచే పరీక్షను, మొదట ప్రచురించారు. ఇప్పుడు వాడే దాని పూర్తి రూపంలో 88 అంశాలున్నాయి. పడుకుని దొర్లడంలో 17, కూర్చోవడంలో 20, పాకడం, మోకాళ్ళ మీద నిలవడంలో 14, నిలబడడంలో 13, నడక, పరుగు, దూకడంలో 24. ఒక్కో అంశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. అసలు మొదలుపెట్టకపోతే సున్నా, కాస్త మొదలుపెడితే ఒకటి, కొంతవరకు చేస్తే రెండు, పూర్తిగా చేస్తే మూడు. ఒక్కోదానికి మూడు అవకాశాలు ఇచ్చి అందులో మేలైనది రాస్తారు. మొత్తం పూర్తి కావడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. పిల్లాడు ఏడుస్తూ ఉంటే రెండో రోజు కూడా కావాలి.

ఈ 88 అంశాల కొలతలో ఒక ఇబ్బంది ఉంది. పక్కకు దొర్లినందుకు వచ్చే ఒక మార్కు, ఒంటికాలి మీద గెంతినందుకు వచ్చే ఒక మార్కు కూడికలో ఒకేలా కనబడతాయి. ఇక్కడ గణాంక నిపుణుడు లేకుండా పని జరగదు. ర్యాష్ విశ్లేషణ అనే పద్ధతితో అంశాలను కష్టం వరుసలో పేర్చి, వరుసలో ఇమడని 22ను తీసేసి 2000లో జీఎంఎఫ్ఎం-66ను తెచ్చారు. ఇందులో మార్కులను కంప్యూటర్ ప్రోగ్రాం లెక్కిస్తుంది. కొన్ని అంశాలు పరీక్షించకపోయినా అంచనా వస్తుంది. చేత్తో కూడుకునే థెరపిస్టుకి మాత్రం ఇది కొత్త తలనొప్పి. ప్రోగ్రాం లేని క్లినిక్‌లో 66 కాగితానికే పరిమితమవుతుంది. గణాంకంగా మెరుగైనది గదిలో తేలిక కాకపోవచ్చు. ఈ తేడాను ముందే చెప్పగలిగే థెరపిస్టు తయారీ బృందంలోనే ఉండాలి.

రెండో పరికరం జీఎంఎఫ్‌సీఎస్. 1997లో ఫిజియోథెరపిస్టు రాబర్ట్ పాలిసానో, రోజెన్‌బామ్, గణాంక నిపుణుడు స్టీఫెన్ వాల్టర్, రసెల్ తదితరులు దీన్ని ప్రచురించారు. ఇది మార్కుల కొలత కాదు, ఐదు స్థాయిల వర్గీకరణ. ఒకటో స్థాయి పిల్లలు నడుస్తారు, పరిగెత్తుతారు, దూకుతారు. వేగంలో, బ్యాలెన్స్‌లో లోటు ఉంటుంది. రెండో స్థాయిలో నడుస్తారు గానీ దూరాలకు, ఎత్తుపల్లాలకు, రద్దీకి ఇబ్బంది పడతారు. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటారు. మూడో స్థాయిలో చేత్తో పట్టుకునే సాధనం కావాలి, దూరానికి వీల్‌చైర్. నాలుగులో సొంత కదలిక బాగా పరిమితం. ఐదో స్థాయిలో మెడ నిలపడం కూడా కష్టం.

స్థాయి నిర్ణయించేటప్పుడు జరిగే పొరపాట్లు దాదాపు అన్ని చోట్లా ఒకటే. థెరపిస్టు ముందు పిల్లాడు ఒక్కసారి చేసి చూపించిన గొప్ప పనిని బట్టి స్థాయి వేస్తారు. వేయాల్సింది ఇంట్లో, బడిలో, వీధిలో రోజూ ఎలా కదులుతాడో దాన్ని బట్టి. రెండు స్థాయిల మధ్య తేల్చుకోలేకపోతే ఆ రెంటి మధ్య తేడాలు చెప్పే భాగం చదవాలి. చాలామంది ఆ పేజీ తిప్పరు. ఇంకొకటి, రెండేళ్ళలోపు పిల్లలకు వేసిన స్థాయిని రాతి మీద గీతలా చూడడం. మొదటి పేపర్‌లోనే ఇద్దరు పరిశీలకుల మధ్య ఏకీభావం రెండేళ్ళ పైబడినవారిలో 0.75 (1 అంటే పూర్తి ఏకీభావం) ఉంటే, రెండేళ్ళలోపు 0.55 మాత్రమే ఉంది. రెండేళ్ళు దాటాక మళ్ళీ వేయాలి.

తెలుగు ఇళ్ళలో అదనంగా ఒక చిక్కు ఉంది. “వాకర్‌లో నడుస్తాడండీ” అని తల్లి చెబితే అది చేత్తో పట్టుకుని నడిచే ఫ్రేమా, చుట్టూ చక్రాలు, మధ్యలో సీటు ఉన్న పసిపిల్లల వాకరా అని అడగాలి. నడుమునూ మొండేన్నీ మోసే సాధనాన్ని ఈ వర్గీకరణ చేతి సాధనంగా లెక్కించదు. అడగకపోతే నాలుగో స్థాయి పిల్లాడు మూడుగా నమోదవుతాడు. సదరం సర్టిఫికెట్‌లోని శాతంతో ఈ స్థాయిని కలిపేయడం ఇంకో పొరపాటు. సదరం శాతం పెన్షన్ అర్హత కోసం, అందులో 40 దాటిందా అన్నది ముఖ్యం. జీఎంఎఫ్‌సీఎస్ స్థాయి చికిత్స లక్ష్యాలు వేసుకోవడం కోసం. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని లెక్కకట్టే సూత్రం లేదు.

ఈ వర్గీకరణను ఎలా తయారుచేశారన్నది కూడా గమనించాల్సిందే. ఐదు స్థాయిల రాతప్రతిని ముందు చిన్న గుంపులో చర్చించి, తర్వాత ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, పిల్లల వైద్యులు కలిపి 48 మంది నిపుణులకు పంపారు. వారి అభ్యంతరాలతో మార్చి మళ్ళీ పంపారు. ఇలా రౌండ్లు తిప్పడాన్ని డెల్ఫీ పద్ధతి అంటారు. రేపు వాడాల్సినవాళ్ళను ఈ రోజే కూర్చోబెట్టడం వల్ల స్థాయిల వివరణ రోజువారీ మాటల్లో వచ్చింది. కొద్ది నిమిషాల్లో వేయగలగడం కూడా ఆ చర్చల ఫలితమే.

ఇక కోఆర్డినేటరు. 2002లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఈ బృందం ప్రచురించిన కదలిక వృద్ధి రేఖల అధ్యయనం చూస్తే ఆ ఉద్యోగం ఏమిటో అర్థమవుతుంది. ఒంటారియోలోని 19 కేంద్రాల్లో 657 మంది పిల్లలను ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ కొలిచి 2632 కొలతలు సేకరించారు. సగటున ఒక్కో పిల్లాడికి నాలుగు. ఈ అంకెల వెనక ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. ప్రతి కేంద్రంలో ఎథిక్స్ కమిటీ అనుమతి. ప్రతి కుటుంబం నుంచి సమ్మతి పత్రం. కొలిచే థెరపిస్టులంతా ఒకేలా మార్కులు వేస్తున్నారా అని శిక్షణ, వీడియో పరీక్ష. ఇల్లు మారిన కుటుంబాన్ని వెతకడం. ఖాళీగా వదిలేసిన పదమూడో అంశం “చేయలేదు” అవుతుందా, “పరీక్షించలేదు” అవుతుందా అని అడిగి రాయడం. ఈ ఆఖరి తేడా తప్పితే సున్నా పడాల్సిన చోట ఖాళీ, ఖాళీ ఉండాల్సిన చోట సున్నా పడతాయి. ఎంత గొప్ప విశ్లేషణా దాన్ని తర్వాత సరిచేయలేదు. కోఆర్డినేటరు ఏడాదికొకరు మారే బృందంలో డేటా అతుకులబొంతలా ఉండడానికి ఇదే కారణం.

ఆ అధ్యయనం ఐదు స్థాయిలకు ఐదు రేఖలు గీసింది. తన స్థాయిలో సాధ్యమైన కదలికలో 90 శాతానికి ఒకటో స్థాయి పిల్లలు సగటున 4.8 ఏళ్ళకు, ఐదో స్థాయి పిల్లలు 2.7 ఏళ్ళకు చేరుకుంటారు. “మా బాబు నడుస్తాడా?” అనే ప్రశ్నకు ఊహతో కాకుండా ఆధారంతో జవాబు చెప్పగలిగే వీలు అలా వచ్చింది.

తర్వాత జరిగినదే అసలు పాఠం. రేఖ చదునుగా మారే చోటును కొందరు చికిత్స ఆపేసే గీతగా చదివారు. ఐదేళ్ళు దాటాయి కాబట్టి థెరపీ అక్కర్లేదన్నమాట, అని. రేఖ చెప్పింది స్థూల కదలిక సగటున ఎక్కడ నిలుస్తుందో మాత్రమే. ఒక్కో పిల్లాడు ఆ సగటు చుట్టూ ఎంత దూరంలోనైనా ఉండొచ్చు. కీళ్ళు బిగుసుకోకుండా చూడడం, వీల్‌చైర్ సరిగ్గా అమర్చడం, బడిలో మరుగుదొడ్డి వాడుకోగలగడం, ఊపిరి, నిద్ర, నొప్పి, ఇవేవీ ఆ రేఖలో లేవు. పేపరు బాగా వ్యాపించింది, దాని జాగ్రత్తలు వెనకబడ్డాయి. నా లెక్కలో నాలెడ్జ్ ట్రాన్స్‌లేషన్ విఫలమవడమంటే సమాచారం చేరకపోవడం ఒక్కటే కాదు. సగం చేరడం అంతకన్నా ప్రమాదం.

సరిగ్గా ఈ చోట నాలెడ్జ్ బ్రోకరు కావాలి. క్లినిక్‌లో పనిచేస్తూనే, పరిశోధన బృందంతో సంబంధం ఉండి, తోటివారికి కొత్త పద్ధతి అలవాటు చేసే వ్యక్తిని అలా పిలుస్తారు. రసెల్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒంటారియో, అల్బెర్టా, బ్రిటిష్ కొలంబియాల్లో 25 మంది ఫిజియోథెరపిస్టులు ఆరు నెలల పాటు తమ సంస్థల్లో ఈ పాత్ర వహించారు. జీఎంఎఫ్‌సీఎస్, జీఎంఎఫ్ఎం రెండు రూపాలు, వృద్ధి రేఖలు, ఈ నాలుగింటినీ సహోద్యోగులకు అలవాటు చేయడం వారి పని. ఆరు నెలల తర్వాత పరికరాల పరిచయం, వాడకం రెండూ పెరిగాయని థెరపిస్టులు చెప్పారు. ఇది ముందూ తర్వాతా పోల్చిన అధ్యయనం. పోలిక గుంపు లేదు, వాడకం కూడా వారు చెప్పుకున్నదే. కాబట్టి దీన్ని బలమైన ఆధారమనలేం. ఆశ కలిగించే ఆధారమనాలి.

బ్రోకర్ పని చూడ్డానికి చిన్న చిన్న విషయాల మూటలా ఉంటుంది. మార్కుల కాగితాలు గదిలో చేతికందే చోట పెట్టడం. వృద్ధి రేఖను ల్యామినేట్ చేయించి గోడకు అంటించడం. భోజన విరామంలో ఒక వీడియో చూపించి అందరితో స్థాయి వేయించి, ఎవరు ఎందుకు తేడాగా వేశారో మాట్లాడించడం. తల్లిదండ్రులకు స్థాయి ఎలా చెప్పాలో ఇద్దరిద్దరిగా అభ్యాసం చేయించడం. కేసు షీటులో స్థాయికి ఒక గడి పెట్టించడం. వీటిలో ఆఖరిదే ఎక్కువకాలం నిలుస్తుందని నా అనుమానం. మనిషి మారినా ఫారం మారదు కదా.

ఉత్త కరపత్రాలు పంచితే ఎంత వస్తుందో కూడా లెక్కలున్నాయి. వైద్యులకు ముద్రిత సామగ్రి ఇస్తే వారి ఆచరణలో వచ్చే మార్పు సుమారు 2 శాతమేనని 2012 నాటి కోక్రేన్ సమీక్ష (ఒక అంశం మీద అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే సమీక్ష) చెప్పింది. ఎవరెంత చేస్తున్నారో కొలిచి వారికే చూపించే పద్ధతిని 140 అధ్యయనాల్లో చూసిన మరో సమీక్షలో మధ్యస్థ మెరుగుదల 4.3 శాతం. చిన్న అంకెలే. వర్క్‌షాపు పెట్టి ఫొటో దిగి పని అయిందనుకునేవారు ఈ రెండు అంకెలనూ ఒకసారి చూసుకోవాలి.

బ్రోకర్ విఫలమయ్యే కారణాలు పెద్దగా మారవు. వారానికి కేటాయించిన గంటలు లేకుండా పాత్ర అప్పగిస్తారు. దాంతో అది పేషెంట్లు లేని రోజున చేసే పనిగా మిగులుతుంది. అందరికన్నా జూనియర్‌ని ఎంచుకుంటారు, సీనియర్లు వినరు. మేనేజరుకి చెప్పకుండా మొదలుపెడతారు. గంట పట్టే కొలతకు అరగంట అపాయింట్‌మెంట్లే మిగిలి ఉంటాయి. ఒక్కరినే తయారుచేస్తారు, ఆ ఒక్కరూ బదిలీ అయితే అంతా మొదటికి వస్తుంది. ఇద్దరిని తయారుచేయడం ఖర్చు పెంచుతుంది గానీ అదే సరైన లెక్క.

ఇయన్ గ్రాహం బృందం 2006లో ఇచ్చిన నాలెడ్జ్ టు యాక్షన్ చట్రం ఇదే పనిని ఏడు దశల చక్రంగా చూపిస్తుంది. సమస్యను గుర్తించడం, ఆ చోటికి తగ్గట్టు మలచడం, అడ్డంకులు తెలుసుకోవడం, తగిన చర్యలు ఎంచుకుని అమలుచేయడం, వాడకాన్ని గమనించడం, ఫలితం కొలవడం, నిలబెట్టడం. గ్రాంటు దరఖాస్తుల్లో దీన్ని చక్కటి వృత్తంగా గీస్తారు. నిజంలో మూడో దశ దగ్గర అందరూ తొందరపడతారు. అడ్డంకి ఏమిటో అడగకుండానే శిక్షణ ఇచ్చేస్తారు. అడ్డంకి తెలియకపోవడం అయితే శిక్షణ పనిచేస్తుంది. సమయం లేకపోవడమో, చాప లేకపోవడమో అయితే ఎన్ని శిక్షణలిచ్చినా లాభం లేదు.

తల్లిదండ్రుల సంగతి కాస్త విడిగా చెప్పాలి. క్యాన్‌చైల్డ్ 1990ల మధ్యలో ఎంపీఓసీ అనే 56 ప్రశ్నల పత్రం తయారుచేసింది. సేవ ఎలా అందిందో తల్లిదండ్రులనే అడిగే కొలత ఇది. తర్వాత 20 ప్రశ్నల చిన్న రూపమూ వచ్చింది. దీన్ని వాడిన చాలా చోట్ల ఒకే ఫలితం కనబడింది. గౌరవంగా చూశారా అన్నదానికి మంచి మార్కులు, సాధారణ సమాచారం ఇచ్చారా అన్నదానికి అన్నిటికన్నా తక్కువ. పరిశోధకులు తమ పని చేరలేదని బాధపడుతున్న చోటే తల్లిదండ్రులు తమకేమీ చెప్పలేదని బాధపడుతున్నారన్నమాట.

2012లో రోజెన్‌బామ్, యాన్ విలెమ్ గోర్టర్ రాసిన ‘ఎఫ్-వర్డ్స్’ వ్యాసం ఈ లోటుకు ఒక జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన, ఆరోగ్యాన్నీ వైకల్యాన్నీ వర్ణించే ఐసీఎఫ్ చట్రం పుస్తకంగా గొప్పదే గానీ తల్లితో మాట్లాడేటప్పుడు పనికిరాదు. దాన్నే పని, కుటుంబం, దృఢత్వం, సరదా, స్నేహితులు, భవిష్యత్తు అనే ఆరు మాటలుగా వారు మార్చారు. ఇంగ్లిష్‌లో ఆరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, గుర్తుండిపోతాయి. ఒక పేజీ మీద ఆరు గడులు గీసి, పిల్లాడికి ఏది కావాలో ఇంటివాళ్ళతో రాయించి, వాటిలో ఒకటి రెండు ఎంచుకుని చికిత్స లక్ష్యాలుగా పెడతారు. మేరీ లా సహరచయితగా 1991లో వచ్చిన సీఓపీఎం అనే పరికరంతో దీన్ని జతచేస్తే కొలత కూడా వస్తుంది. అందులో మనిషి తన ముఖ్య సమస్యలను ఐదు దాకా ఎంచి, ఎంత బాగా చేయగలుగుతున్నాడో, ఎంత తృప్తిగా ఉన్నాడో ఒకటి నుంచి పది దాకా తానే వేసుకుంటాడు. రెండు పాయింట్లు పెరిగితే మార్పు వచ్చినట్టు.

పరిశోధన బృందంలో తల్లిదండ్రులను కూర్చోబెట్టడం అంటే చివర్లో పోస్టరు చూపించి బాగుందా అని అడగడం కాదు. ప్రశ్న రాసే దశలోనే ఉండాలి. 2011లో మొదలైన సీఐహెచ్ఆర్ రోగి కేంద్రిత పరిశోధన వ్యూహం దీనికి డబ్బునూ చేర్చింది. బడ్జెట్‌లో తల్లిదండ్రుల సమయానికి పారితోషికం, ప్రయాణం, పిల్లాడిని చూసుకునేవారి ఖర్చు ఉండాలి. ఒక్కరినే పెడితే వారు అందరి తరఫునా మాట్లాడాల్సి వస్తుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే వారిలో వారికే అభిప్రాయ భేదం రావడం చూస్తాం, అది మంచిదే. సమావేశం సాయంత్రం పెట్టాలి, పత్రాలు వారం ముందు ఇవ్వాలి. అలా చేయని చోట తల్లి పేరు దరఖాస్తులో ఉంటుంది, మాట ఉండదు.

మన దగ్గర ఈ పాత్రలు ఇంకా విడిగా లేవు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. రోజూ పిల్లలతో ఉండేది వారికి చదువు నేర్పే రిసోర్స్ పర్సన్లు, అంటే ఐఈఆర్‌పీలు. బ్రోకర్ పాత్ర ఎవరికైనా సరిపోతుందంటే వారికే. ఆ కేంద్రాలకు పరికరాలు తెలుగులో కావాలంటే ఎవరో ఒకరు రాత్రికి రాత్రి రాసిస్తే చాలదు. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి తేవాలి, వారిలో ఒకరికి వైద్యం తెలియకూడదు. రెంటినీ కలిపి ఒకటి చేయాలి. అసలు పత్రాన్ని చూడని వేరేవాళ్ళు దాన్ని మళ్ళీ ఇంగ్లిష్‌లోకి తేవాలి. నిపుణుల కమిటీ తేడాలు సరిచూడాలి. ఆ తర్వాత 30 నుంచి 40 మందికి చదివించి, ఏం అర్థమైందో వారి మాటల్లో చెప్పించాలి. శ్రీకాకుళం తల్లికీ ఆదిలాబాద్ తల్లికీ ఒకటే అర్థమైందా అన్నది ఈ ఆఖరి మెట్టులోనే తేలుతుంది. కుర్చీలో కూర్చోవడం గురించి అడిగే చోట నేల మీద కూర్చోవడం, గొంతుకూర్చోవడం గురించి కూడా అడగాలని తెలిసేది అక్కడే.

చేరవేయడమే కాదు, పనిచేయనిదాన్ని ఆపడం కూడా ఈ బృందాల బాధ్యతే. పక్షవాతం వచ్చినవారికి ఇంటివాళ్ళే శిక్షణ పొంది వ్యాయామాలు చేయించే పద్ధతిని భారత్‌లో 14 ఆసుపత్రుల్లో 1250 మందితో ‘అటెండ్’ పరీక్షలో చూశారు. ఫలితాలు 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. ఆరు నెలలకు మరణమో, ఇతరులపై ఆధారపడే స్థితో మిగిలినవారు ఈ పద్ధతి పొందిన గుంపులోనూ, మామూలు వైద్యమే పొందిన గుంపులోనూ 47 శాతమే. థెరపిస్టుల కొరత ఉన్న దేశంలో ఇంటివాళ్ళ చేత చేయిస్తే సరిపోతుందన్న ఆలోచన ఎంతో ఆకర్షణీయమైనది, ఖర్చు లేనిదీ. ఆ పరిశోధకులు కూడా ఆధారం లేకుండా జీతం లేని ఇంటివాళ్ళ మీదికి ఈ పనిని నెట్టే కార్యక్రమాల మీద డబ్బు పెట్టొద్దనే అన్నారు. అయినా కొత్త పథకాల్లో ఆ మాట మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. అలాంటి ప్రతిపాదన బల్ల మీదికి వచ్చినప్పుడు ఈ ఒక్క పేపరును తెచ్చి పక్కన పెట్టే ఉద్యోగి ఏ శాఖలో ఉన్నారో వెతికితే, ఆ పని ఎవరి జాబ్ చార్టులోనూ రాసి ఉండదు.